ఆనవాలుకు వదిలిన రెండు పూలు

తొమ్మిదేళ్లుగా దేవుడి గదిలో దీపం పెట్టినప్పుడల్లా ఒక మాట గుర్తుకొస్తూనే ఉంది. ఆ మాట అన్నది నేనే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

అమీర్‌పేటలో మా మూడో అంతస్తులో రెండే ఫ్లాట్లు. రెండు తలుపుల మధ్య ఎండ బాగా పడే సిటౌట్. ఎదురింట్లో సలోమి ఉండేది. గుంటూరు వైపు అమ్మాయి, పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఎప్పుడూ నైట్ డ్యూటీలే. పొద్దున తొమ్మిది దాటాక ఇల్లు చేరేది. రోగుల మొహాలు చూసి చూసి వస్తాను, తాళం తీసేముందు నాలుగు పూలు కనబడితే చాలక్కా అంటూ ఆరు సిమెంటు కుండీలు తెప్పించింది. ఏడాది పొడుగునా పూసేవి ఏవి వేయాలని నన్నే అడిగింది. తన మనసు మాత్రం కాగితం పూల మీద ఉంది.

నేను వద్దన్నాను. ముళ్లు గుచ్చుకుంటాయన్నాను, వాసన ఉండదన్నాను. అసలు సంగతి వేరు. కాగితం పూలు మా ఇంట్లో పూజకు పెట్టం. పక్కన కూర్చుని మరీ నందివర్ధనం, ముద్దమందారం, నూరువరహాలు పెట్టించాను. కుండీలో కూడా ఏడాదంతా విరగబూస్తాయని చెప్పాను. అది మాత్రం అబద్ధం కాదు.

నిజంగానే విరగబూశాయి. రోజూ ఆరింటికల్లా పూలసజ్జ పట్టుకుని తలుపు తీసేదాన్ని. అనుమానం రాకుండా ఆనవాలుకు రెండు పూలు వదిలేదాన్ని. సెలవు రోజుల్లో కూడా ఆమె ఆలస్యంగానే లేచేది. దేవుడి పూలకు దొంగతనం లేదని మా అత్తమ్మ అనేది. ఆ మాట నాకు ఎంత వీలుగా ఉండేదో! మా పూజగది చూసి వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారు. సొమ్మొకరిది, సోకొకరిది.

పాపం సలోమి మట్టి మార్చింది, గుడ్డు పెంకులు పొడి చేసి వేసింది, టీ పొడి వేసింది. తొమ్మిదింటికి వచ్చి చూస్తే ఎప్పుడూ అవే రెండు పూలు. చివరికి ఒకరోజు యూనిఫాంలోనే కుండీ పక్కన కూలబడింది.

“నా చెయ్యే మంచిది కాదేమో అక్కా. వార్డులో కూడా ఈ నెల నేను చూసే మంచాల వాళ్లే ఇద్దరు పోయారు.”

అప్పుడైనా నోరు విప్పాల్సింది. చేతిలో ఇంకా పసుపు తడి ఆరలేదు, లోపల ఆమె మందారాలే పటాల మీద ఉన్నాయి.

“అందరి చెయ్యి ఒక్కతీరుగ ఉండదు సలోమీ. కొందరికి కలిసిరాదంతే. జర ఫికర్ చెయ్యకు.”

ఎందుకన్నాను? పూలు పోతాయనా? దొరికిపోతాననా? రెండూ కావేమో. ఆ క్షణంలో నా పరువు నాకు ఆమె కన్నీళ్ల కంటే ఎక్కువైంది. ఇంతకంటే మంచి జవాబు ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. కొన్ని నెలలకు ఆమె పంజాగుట్టకు ఇల్లు మారింది. మీ చేతిలోనైనా పూస్తాయని కుండీలన్నీ నాకే ఇచ్చి వెళ్లింది.

పోయిన నెల ఎర్రగడ్డ రైతుబజార్‌లో కనిపించింది. ఇంటి అడ్రసు తీసుకుని, ఏం మొక్కలు పెట్టావని అడిగాను. కొత్తిమీర కూడా వేయలేదక్కా, నా చెయ్యి సంగతి మీకు తెలుసు కదా అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సయించలేదు.

నిన్న పొద్దున ఆమె కుండీల్లోనే ఒకదాంట్లో కాగితం పూల మొక్క నాటి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పంజాగుట్ట వెళ్లాను. దాన్ని పూజకని ఎవరూ కోయరు. గుమ్మంలోనే నిలబడి సజ్జ సంగతి, ఆనవాలు సంగతి, నేనన్న మాట సంగతి అంతా చెప్పేశాను. సలోమి కూర్చోమని అనలేదు. క్షమించమని అడిగే మొహం నాకూ లేదు.

“రోజుకి ఎన్ని పూసేవి?” అంది.

నందివర్ధనం ఒక్కటే ఇరవై దాకా పూసేదని, మందారాలు ఐదారు ఉండేవని, నూరువరహాల గుత్తులు సజ్జలో పట్టేవి కావని చెప్పాను.

మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.