అప్పీలు వద్దనే చోటు వెతుక్కుంటూ: టాటానగర్ నుంచి ఢిల్లీ

మా నాన్న జంషెడ్‌పూర్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో జీపు డ్రైవరు. ఆయన సెలవులో ఉన్న రోజు జరిగిన ప్రమాదాన్ని ఆయన మీద వేసి ఉద్యోగంలోంచి తీసేశారు. నాలుగేళ్ల తరవాత హైకోర్టు తిరిగి తీసుకోమంది. మేముండే పేట సీతారాండేరాలో మా వాటా ముందు ఇరుగుపొరుగుకు లడ్డూలు పంచాం. వారం తిరక్కుండానే కార్యాలయం సుప్రీంకోర్టుకు వెళ్లాలనుకుంటోందనీ, సలహా కోసం ఫైలు ఢిల్లీ పంపిందనీ తెలిసింది. "అప్పీలు వెయ్యాలో వద్దో చెప్పేది న్యాయశాఖ. మీ మాటా రాసిచ్చి రండి" అన్నాడు మా వకీలు. అలా ఎనభైల మొదట్లో, అప్పుడే టైపిస్టుగా చేరిన నేనూ నాన్నా బయల్దేరాం.

రిక్షాలో టాటానగర్ స్టేషన్‌కు వెళ్లి, ఒడిశా వైపు నుంచి వచ్చే ఢిల్లీ రైలెక్కాం. ఒక పగలూ ఒక రాత్రీ దాటి పట్టింది. స్టేషన్ దగ్గర ధర్మశాలలో దిగి, మర్నాడు తొమ్మిదింటికి ఆటో మాట్లాడుకున్నాం. ఆరు రూపాయలు. "న్యాయానికి సంబంధించిన ఆఫీసు" అని నేను హిందీలో అడిగితే, డ్రైవరు న్యాయ విభాగం ముందు దింపాడు.

అది మాకు కావలసిన ఆఫీసు కాదు. అప్పట్లో ఆ విభాగం హోంశాఖ కింద ఉండేది. జడ్జీల నియామకాలు, హైకోర్టుల వ్యవహారాలు చూస్తామని గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. మెట్లు దిగుతూ నాన్న, "నాయం అని బోర్డెట్టుకుని, నాయం ఇక్కడ కాదంతారేటమ్మా?" అన్నాడు.

పదకొండింటికి న్యాయ మంత్రిత్వ శాఖ చేరాం. రిసెప్షన్‌లో తెలియక శాసన విభాగానికి పాసు రాయించుకున్నాను. అక్కడివాళ్లు చట్టాల ముసాయిదాలు రాస్తారట. "మీకు కావలసింది న్యాయ వ్యవహారాల విభాగం, పై అంతస్తు. మిగతా శాఖలకు సలహా చెప్పేది వాళ్లే" అన్నాడొక పెద్దాయన, పాసు మార్పించి.

పైన సెక్షన్‌లో కళ్లద్దాల ఆవిడ మా మాట విని, "మా సలహా మీకు చెప్పకూడదు. అది అడిగిన శాఖకే వెళ్తుంది. కానీ మీరు వినతిపత్రం ఇస్తే ఫైల్లో పెడతాను. టైపు చేసి తీసుకురండి" అంది హిందీలో.

బయట పేవ్‌మెంటు మీద టైపిస్టుల వరస ఉంది. ఒకాయన్ని మిషను ఇమ్మని అడిగాను. నావైపు అనుమానంగా చూసి జరిగాడు. సెలవు మంజూరైన తేదీ, ప్రమాదం తేదీ, తీర్పులో ఆ విషయం ఉన్న పేజీ, ఈ మూడే రాశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. నాన్న కాగితం కింద తెలుగులో సంతకం చేశాడు.

ఆవిడ తీర్పు నకలుతో పోల్చుకుంటూ రెండుసార్లు చదివింది. నాన్న ఆగలేక, "నాను ఆ రోజు ఊళ్లోనే లేనండి. దొంగ మాట ఒక్కటి సెప్పలేదని సెప్పమ్మా ఆవిడికి" అన్నాడు. నేను హిందీలో చెప్పాను.

ఆవిడ కాగితం మీద ముద్ర వేసి నకలు నాకిచ్చింది. "ప్రభుత్వం తరఫున వాదించడానికి దారి చూపడం ఒక్కటే కాదమ్మా, వాదించకూడని చోట వద్దని చెప్పడం కూడా మా పనే" అంది.

ఇంటికొచ్చిన మూడో వారంలో నాన్న కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పీలు లేదు, వెంటనే విధుల్లో చేరండి. నాన్న తన పాత డ్యూటీ ఖాకీ చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను. గేటు దగ్గర తోటి డ్రైవర్లు ఆయన్ని భుజాల మీదికెత్తి జీపుదాకా మోశారు. "దింపండ్రా, డూటీకి టైమైపోతంది" అంటూనే నవ్వుతున్నాడు. నాలుగేళ్ల తరవాత ఆ నవ్వు చూశాను.

అంతకుముందు ఢిల్లీ అంటే నాకు ఎవరూ కనిపించని పెద్ద గోడ. ఆ రోజుతో అది గదులుగా విడిపోయింది. ఒక గది జడ్జీలను చూస్తుంది, ఒకటి చట్టం రాస్తుంది, ఒకటి ప్రభుత్వానికే తప్పొప్పులు చెబుతుంది. ఆ మూడో గదిలో మా నాన్న మాటకు చోటు దొరికింది. ఆ తరవాత ఏ ఆఫీసు మెట్లెక్కినా నాకు భయం వేయలేదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇప్పుడు న్యాయ విభాగం కూడా న్యాయశాఖలోనే ఉంది, కాబట్టి పాసు రాయించుకునే ముందు విభాగం పేరు పూర్తిగా చెప్పండి. మధ్యాహ్న భోజన విరామానికి ముందే లోపలికి వెళ్లండి.