నర్సమ్మను కానని చెప్పలేదు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. రాయడం రాదు కదా అని ఇన్నాళ్లూ సర్దుకున్నాను. వయసు మళ్లాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దాను. ఇక ఆ సాకు లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ద్వారకా నగర్‌లో ఒక ముక్కు, చెవి, గొంతు డాక్టరు గారి దగ్గర ఆయాగా చేసేదాన్ని. ఊడవడం, తుడవడం, పేషెంట్లను వరసలో లోపలికి పంపడం నా పని. డాక్టరు గారు మంచివారే కానీ జనం ఎక్కువ. గబగబా చెప్పేసేవారు. అర్థం కానివాళ్లు బయటికొచ్చి మందు నా చేతిలో పెట్టి ఎలా వాడాలని అడిగేవారు. నా నీలం చీర చూసి నర్సమ్మా అనేవారు. నేను కాదనలేదు. ఎలమంచిలి పక్క పల్లెలో కలుపు తీసి వచ్చిన నాకు ఆ పిలుపు ఎంత తీపిగా ఉండేదో మీకెలా చెప్పను?

అలా నన్నడిగినవాళ్లలో ఒకామె మెహరున్ బీ. వాళ్లది పాత ఊళ్లో అత్తరు కొట్టు. కొట్టు భర్తదే అయినా, ఆమె వాసన చూసి ఇది అసలు, ఇది కల్తీ అని చెబితేనే ఆయన సరుకు దింపుకునేవాడు. దుమ్ముకి తుమ్ములు పట్టుకుని, ముక్కు దిబ్బడేసి, ఆమెకు వాసన తెలియకుండా పోయింది. డాక్టరు గారు స్టెరాయిడ్ స్ప్రే రాశారు. గుణం వెంటనే కనిపించదని, అయినా రోజూ కొట్టుకోవాలని చెప్పారు. ఎలా కొట్టుకోవాలో కూడా చూపించే ఉంటారు. ఆమె బయటికొచ్చి మళ్లీ నన్నడిగింది.

నాకేం తెలుసు? మా పల్లెలో పిల్లల ముక్కులో చుక్కలు వేసేటప్పుడు తల వెనక్కి వాల్చి వేసేవాళ్లం. అదే చెప్పాను. తల బాగా వెనక్కి వాల్చు, గొట్టాన్ని ముక్కు మధ్య గోడకి ఆనించి కొట్టు, గట్టిగా ఎగపీల్చు. ఆమె నా ఎదుటే అలా చేసి చూపించింది. బాగుందన్నాను.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది.

"నర్సమ్మా, ముక్కులోంచి రకతం వత్తంది. డాక్టరు గారికి సెప్పనా?"

"ఏటి బీబీ, దీనికే బెంగా? మందు వేడి సేసింది. మజ్జిగ తాగు, కొబ్బరినీళ్లు తాగు. మందు మాత్రం మానకు."

"నువ్వున్నావని ధైర్యం. మా ఆయనయితే, పొద్దల్లా తుమ్ముతా కూకుంతన్నావ్, అత్తరు అమ్ముతన్నావా, మిరపకాయలు అమ్ముతన్నావా అని ఎక్కిరిత్తన్నాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె అలాగే వెళ్లిపోయింది.

మొదటిసారి చెప్పింది తెలియక. మరి రెండోసారి? రెండోసారి నాకు భయం వేసింది. ఆమె లోపలికి వెళితే నేను నేర్పిన సంగతి బయటపడుతుందని, నా నర్సమ్మ పేరు పోతుందని, తలుపు దగ్గరి నుంచే వెనక్కి పంపాను. దాన్ని తెలియనితనం అనుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను.

రక్తం ఆగక, మూడోసారి భర్తతో వచ్చింది. డాక్టరు గారు లైటు వేసి చూస్తే ముక్కు మధ్య గోడ పుండయి ఉంది.

"ఇలా కొట్టుకోమని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు.

నేను తెర పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది.

"ఎవురూ సెప్పలేదండి. నానే అలా అనుకున్నాను."

భర్త అందరి ముందూ ఆమెను తిట్టాడు. నేను తెర చాటుకి జరిగాను.

ఆ రోజు డాక్టరు గారు నిదానంగా చూపించారు. తల కాస్త ముందుకు వంచాలి. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుని, గొట్టం మొన మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపుకి తిప్పి కొట్టాలి. మెల్లగా పీల్చాలి. రక్తం వస్తే ఆపి, వచ్చి చూపించుకోవాలి. అంతే. పుండు మానాక మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఆమె మొదలుపెట్టలేదు. స్ప్రే అంటేనే హడలిపోయింది.

చెప్పేద్దామని ఒకసారి వాళ్ల కొట్టుకి వెళ్లాను. ఆమె నా మణికట్టు మీద అత్తరు రాసింది.

"నువ్వు సూసి సెప్పు నర్సమ్మా, ఇది గులాబీయా, మొగలిపువ్వా? నాకు అన్నీ నీళ్లే."

"గులాబీ," అన్నాను. వచ్చేశాను.

మందు సరిగా వాడి ఉంటే వాసన తిరిగి వచ్చేదేమో. రాకపోయేదేమో కూడా. ఆ 'ఏమో' చాటున చాలాకాలం దాక్కున్నాను. ఆ రోజు ఆమె నా పేరు ఎందుకు చెప్పలేదు? నా ఉద్యోగం పోతుందని జాలిపడిందా? లేక నేను నిజంగా నర్సునేనని, నేను సరిగ్గానే చెప్పానని, తనే తప్పు చేసిందని నమ్మిందా? అలా నమ్మి ఉంటే ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటూ ఉంటుంది. నన్ను నిలవనివ్వనిది అదే.

ఆమె చదివేది ఉర్దూ. ఈ కాగితం ఆమెకు చేరదు. నోటితో చెప్పాలి, ఇంకా చెప్పలేదు. కింద నా పేరు కూడా రాయడం లేదు. ధైర్యం ఇంతవరకే వచ్చింది. నేను నర్సును కాను. ఆమెకు తప్పు నేర్పింది నేనే. రక్తం వస్తోందని తెలిసీ వెనక్కి పంపింది నేనే.