లవెనియా గుమ్మంలో సబ్బు

లవెనియా గుమ్మంలో ఆరు వారాలుగా ఒక బకెట్ నీళ్ళు, ఒక సబ్బు ఉన్నాయి. చేతులు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానివ్వదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా వనువాలేవు దీవిలో నోరెంత మంచిదైనా గుమ్మంలో సబ్బు పెడితే ఊరు రాదు. చుట్టాన్ని పట్టుకుని మురికిదానివన్నట్టే లెక్క.

లోపల మంచం మీద మొగుడు ఇలిసోని. జబ్బలో సన్నటి గొట్టం, దాంట్లోంచి నేరుగా రక్తంలోకి మందు. రోజూ నర్సమ్మ వచ్చి ఎక్కించి పోతుంది. దాని మీద మురికి చెయ్యి పడితే క్రిములు మళ్ళీ రక్తంలోకి దిగుతాయనీ, ఇది తప్ప పనిచేసే మందు ఇంకేదీ మిగల్లేదనీ పట్నం ఆస్పత్రిలో చెప్పి పంపారు.

ఇదంతా మంచితనం తెచ్చిన చేటు. అతని కాలి మీద సెగ్గడ్డకి నర్సమ్మ వారానికి సరిపడా మాత్రలిస్తే, మూడోనాడే పక్కింటి తోరికా వచ్చి కెరెకెరె అంది. ఆ మాటతో ఎవరైనా చెయ్యి చాపితే లేదనే మొహం మా ఊళ్ళో ఎవరికీ లేదు. ఇలిసోని సగం ఇచ్చేశాడు. ఊరంతా ఇలాగే సగం సగం మింగి క్రిముల్ని మొండి ఘటాల్ని చేసింది. గడ్డ విషం రక్తానికెక్కింది.

తోరికా, లవెనియా ఇరవై ఏళ్ళు ఒకే చాపని చెరో కొస నుంచీ అల్లినవాళ్ళు. మొదటిరోజు సబ్బు చూసి తోరికా, "నా చేతులు నీ మొగుణ్ణి చంపుతాయా వదినా?" అని వెళ్ళిపోయింది. సాయంత్రాలు యంగోనా వేరు రసం తాగడానికి గిన్నె చుట్టూ చేరే మగవాళ్ళూ రావడం మానేశారు. సగం చాప మూలన పడి ఉంది. మాట్లాడే మనిషి కోసం లవెనియా ప్రాణం కొట్టుకుపోయేది.

మందు పూర్తయి గొట్టం తీసేసిన రోజు ఊరందరినీ పిలిచి పెద్ద కుండనిండా దాలో దుంపలు ఉడకేసింది. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. ఆఖరికి తోరికా వచ్చింది. చెప్పకుండానే చేతులు కడుక్కుంది. లవెనియాకి ఏడుపొచ్చినంత పనైంది.

"కూర్చో వదినా, తిందువుగాని."

"తింటాలే. మా పిల్లకి కాలు వాచింది. మీ ఆయన మాత్రలు మిగిలుంటే... కెరెకెరె."

"ఇవ్వను వదినా. పిల్లని నర్సమ్మకి చూపిద్దాం. పద, నేనూ వస్తా."

తోరికా లేచింది. "మీ దుంపలు మీరే తినండి. చేతులు కడుక్కోవడం దండగైంది."

ఆమె మలుపు తిరిగాక ఇలిసోని అడిగాడు. "అసలు ఇంట్లో మాత్రలున్నాయా?"

"ఒక్కటీ లేదు."

"ఆ మాటే చెబితే పోయేదిగా. కాసేపు కూర్చునేది."

"లేవంటే ఇంకో గుమ్మం ఎక్కుతుంది. ఇవ్వకూడదని ఒకరైనా అనాలి కదండీ."

అతనికి దుంపలు వడ్డించి, తను తినకుండానే నర్సమ్మ ఇంటికి నడిచింది.

"తోరికా వాళ్ళ పిల్ల కాలు చూసి రామ్మా. నేను పంపానని మాత్రం అనకు, తలుపు తియ్యదు."