గుంట దాటని వెంకటరాజం

ఆలేరులో మగ్గం నేసే వెంకటరాజం పరీక్ష పెట్టకుండా ఏ వస్తువూ కొనడు. గొడుగు కొనాలంటే దాన్ని విప్పి పట్టుకుని, దుకాణంవాడితో చెంబెడు నీళ్లు తన నెత్తి మీదే పోయించుకుంటాడు. నులకమంచం బేరానికి పోతే దుకాణంలోనే దాని మీద పడుకుని, సాయంత్రం దాకా గుర్రుపెట్టి, లేచి ఒళ్లు విరుచుకుని, "నిద్ర సరిగ పట్టలే, ఇంకోటి సూపియ్" అంటాడు. కొత్త చెప్పులేసుకుని రైల్వే స్టేషను దాకా నడిచి వచ్చేవరకు, దుకాణదారు ఆయన పాత చెప్పులకు కాపలా కాయాలి.

ఇంత సతాయించినా ఎవరూ పొమ్మనరు. వెంకటరాజం కొన్నాడంటే మగ్గాలవాడ మొత్తం కళ్లు మూసుకుని కొంటుంది. ఆయన పెదవి విరిస్తే ఆ సరుకు అటకెక్కాల్సిందే.

అలాంటి ఊళ్లో, తొంభై అయిదులో, రేడియోలు బాగుచేసే ఖుద్దూస్ వీడియో గేముల దుకాణం తెరిచాడు. ఒక కలర్ టీవీ, దానికో డబ్బా, రెండు రిమోట్లు, ఒక బెంచీ. వీటికి తోడు నెల పాసొకటి పెట్టాడు. ఒక్కసారి పైసలు కడితే నెలంతా ఎప్పుడొచ్చినా ఆడుకోవచ్చు. జనం వచ్చారు, చూశారు, గడ్డాలు గోక్కున్నారు.

"కరెంటు పోతే పాసు నాకాలెనా?" అన్నాడు లింగస్వామి.

"రాజమన్న ఏమన్నడు?" అన్నాడు రఘుపతి.

రాజమన్న ఏమీ అనలేదు. అసలు అటు రానేలేదు. ఖుద్దూస్‌కేమో గడువు దగ్గరపడుతోంది. నెలాఖరుకు పాసులు అమ్ముడుపోకపోతే దుకాణం ఎత్తేసి, జడ్చర్లలో బావమరిది చూసిపెట్టిన ఫ్యాక్టరీ కాపలా పనికి పోవాలి. పుట్టి పెరిగిన ఊరు విడవాలంటే ప్రాణం ఒప్పడం లేదు. చివరికి తనే మగ్గం దగ్గరికి పోయి బతిమాలాడు. "రాజమన్నా, జర పరీక్ష చేసి చెప్పరాదే!"

వెంకటరాజం వచ్చాడు. రిమోట్ వాసన చూశాడు, దాని తీగ గుంజి చూశాడు, కాళ్లు కిందికి వేలాడేసి బెంచీ మీద కూర్చున్నాడు. తెర మీద బుడ్డ మనిషి ఉరుక్కుంటూ పోయి ఒక గుంట ముందుకొచ్చాడు.

"ఎగురాలె! బటన్ ఒత్తు, రాజమన్నా!"

ఒత్తాడు, కాలితో. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో కర్రలు తొక్కిన మనిషాయె! చేతిలో బటన్ సంగతే మరచి నేలను ధనామని తొక్కాడు. బుడ్డ మనిషి గుంటలో పడి చచ్చాడు.

"గుంటల పడితే సచ్చుడేంది?" అని మండిపడ్డాడు వెంకటరాజం. "నేను రోజూ గుంటల్నే కూసుంట గదా, సచ్చిన్నా?"

"అన్నా, గది ఆట..."

"ఆటైతే మాత్రం అబద్ధమాడ్తదా? మల్ల పెట్టు!"

ఆ పూటంతా పడుతూనే ఉన్నాడు. లేచేటప్పుడు ఖుద్దూస్ చేతులు నలుపుకుంటూ, "పాసు మంచిదేనా అన్నా?" అని అడిగాడు.

"రేపు చెప్త."

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. ఆయన కాళ్ల తొక్కుడు చూడ్డానికి వాడంతా దుకాణంలో మూగింది. సుక్కమ్మ మిర్చిబజ్జీల బండి తెచ్చి గుమ్మం ముందరే పెట్టింది. బజ్జీలు పోతున్నాయి గానీ పాసులు పోవడం లేదు.

"ఆయనకు చాయ్ పోసుడే అయితుంది, ఒక్క పాసన్న పోయిందా?" అని ఇంట్లో భార్య దిల్షాద్ దెప్పింది. ఖుద్దూస్‌కు లోపల కుతకుతా ఉడికినా, వెంకటరాజం రాగానే నవ్వుతూ చాయ్ అందించేవాడు.

నెలాఖరు రానే వచ్చింది.

"అన్నా, ఇగ నీ దయ. రేపు దుకాణం ఎత్తేస్తున్న. జడ్చర్లకు పోత," అన్నాడు ఖుద్దూస్.

వెంకటరాజం రిమోట్ కింద పెట్టేశాడు. ఖుద్దూస్ మొహం కాసేపు చూశాడు. నడుము దగ్గరి సంచి విప్పి, "నాకో పాసియ్యి" అన్నాడు.

దుకాణమంతా గోలగోలైంది. "ఆట మంచిదేనా రాజమన్నా?" అని అరిచాడు లింగస్వామి.

వెంకటరాజం బెంచీని అరచేత్తో తట్టాడు. "బెంచీ మంచిగుంది. గిన్ని దినాలు కూసున్నా నడుము పట్టలే. చాయ్ మంచిగుంది. నేను ఊకెనే ఆడుతుంటే గీ ఖుద్దూస్ ఒక్కనాడన్న మూతి ముడిచిండా? ఇంకేం గావాలె మీకు?"

అందులో ఆట మాటే లేదని ఎవరికీ తట్టలేదు. వెంకటరాజం తీసుకున్నాడు, అంతే! లింగస్వామి ముందు చెయ్యి చాపాడు, వెనకే వాడ మొత్తం ఎగబడింది. ఆ రాత్రి దిల్షాద్ సేమ్యా వండింది.

తెల్లారి వెంకటరాజం భార్య ఆండాళు వచ్చింది.

"తమ్మీ, జర మీ అన్నను జల్ది ఇంటికి తోలు. గా టీవీ జూసి కండ్లు మండుతున్నయని రోజూ తడిగుడ్డ ఏసుకుంటుండు. మొదటి దినమే 'అదంత దండుగ' అన్నడు."

"మరి నాతోని చెప్పలేదేంది వదినే?"

"నేనూ గదే అడిగిన. 'దండుగంటే ఖుద్దూస్ మునుగుతడు, మంచిదంటే అబద్ధమైతది, అందుకే రేపు రేపు అంటున్న' అన్నడు."

ఖుద్దూస్ బెంచీ వైపు చూశాడు. మంటగా ఉన్న కళ్లతోనే ఇన్నాళ్లూ ఈ బెంచీ మీద కూర్చున్నాడా! వెంకటరాజం రాగానే పాసు పైసలు ఆయన చేతిలో కుక్కబోయాడు.

"వాపస్ తీస్కో అన్నా. నువ్వు ఆడొద్దు."

"పాగల్‌గానివా? కట్టినంక ఆడకుంటే దండుగ గాదా?" అని వెంకటరాజం కళ్లు నలుపుకుంటూ బెంచీ ఎక్కాడు.

నెలంతా ఒక్కరోజు మానకుండా వచ్చాడు, నేల అదిరేటట్టు తొక్కాడు, గుంటలో పడ్డాడు. పాసు గడువు తీరిననాడు ఖుద్దూస్ నవ్వు ఆపుకుంటూ, "అచ్చే నెల పాసు ఇయ్యమంటవా అన్నా?" అని అడిగాడు.

వెంకటరాజం కండువాతో కళ్లు తుడుచుకుని, రిమోట్ మళ్లీ ఒకసారి వాసన చూశాడు.

"ఆగు తమ్మీ, జర పరీక్ష చేసి చెప్త."