రెండో రిమూవల్

పోయిన మంగళవారం మా పక్కింటి పెద్దాయన పోయారు. ఫోన్లో వచ్చిన ప్రకటనలో ‘గురువారం రిమూవల్’ అని చూసి మా ఆయన కంగారుపడ్డాడు. “మనిషి పోయి రెండు దినాలు గాలే, అప్పుడే ఇల్లు ఖాళీ చేయిస్తున్నరా?” అన్నాడు. డబ్లిన్ శివార్లలోని మా క్లోనీ ఊళ్ళో అద్దె ఇళ్ళ బాధ అలాంటిది మరి. ఐర్లండ్‌లో రిమూవల్ అంటే శవపేటికను చర్చికి తీసుకెళ్ళడమని చెప్పాను. ఆ మాట నాకు నేర్పింది పెద్దాయనే. “ఇక్కడ మనిషి చచ్చాక చేస్తారు బిడ్డా. మా పార్టీ నాకు బతికుండగానే చేసింది,” అనేవారు.

ఆయన్ను తలచుకోవడానికే ఇది రాస్తున్నాను. కసి తీర్చుకోవడానికి కూడా, దాచడమెందుకు?

కొత్త డేటా సెంటర్ కడుతున్న రోజుల్లో నేనక్కడ ఉద్యోగంలో చేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనే. పక్కపక్క ఇళ్ళవాళ్ళమైనా రోజూ నా బ్యాడ్జి తిప్పి తిప్పి చూసి, “ఇవాళ కూడా మీరేనా?” అనేవారు. ఆదివారాలు కూతురితో కలిసి మా ఇంటికొచ్చేవారు. నా అల్లం చాయ్‌కి నాలుగు చెంచాల చక్కెర కలుపుకుని, “గ్రాండ్” అని మెచ్చుకునేవారు.

పశ్చిమ ఆఫ్రికాలోని తన దేశంలో ఒక పార్టీని మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకరు. గుర్తు లాంతరు. మొదటి ఎన్నికల్లో డిపాజిట్లు పోయాయి. రెండోసారి నాలుగు సీట్లొచ్చాయి. మూడోసారి ఏకంగా అధికారమే. ఫీజుల్లేని బడి, దళారీ లేకుండా కోకో రైతుకు ధర అన్నారు. సంతలో కూర్చునే ఆడవాళ్ళకు మార్కెట్ టోల్ రద్దన్నారు. ఆ చివరిది ఎన్నికల కరపత్రంలో ఏడో వాక్యం, రాసింది ఆయనే. వాళ్ళమ్మ సంతలో ఎండుచేపలు అమ్మేదట. మా దగ్గర దాన్ని తైబజార్ అంటారనీ, మా నాయనమ్మ వంకాయల గంప ముందు కూర్చుని ఎన్నేళ్ళో కట్టిందనీ చెప్పాను. అప్పటినుంచి ఆయనకూ అది తైబజారే.

గెలిచాక బడులు తెరిచారు. అది మాత్రం ఆయన ఒప్పుకునేవారు. కోకో ధర ఊసెత్తలేదు. తైబజార్ తీసేయడం అటుంచి రెట్టింపు చేశారు. సభలో లేచి ఇదేమిటని అడిగినందుకు ఈయన్ను పార్టీలోంచి తీసేశారు. తర్వాతి ఎన్నికల్లో ఆయన పాత కరపత్రం పట్టుకుని తన జిల్లాలోని ప్రతి సంతకూ వెళ్ళి ఏడో వాక్యం చదివి వినిపించారు. ఆ జిల్లాలో లాంతరు ఒక్కచోట కూడా గెలవలేదు.

“ఓడించారు కదా, ఇంకా కోపమెందుకు?” అని ఒకసారి అడిగాను.

“ఓడిపోయారు. తప్పని ఒప్పుకోలేదు.”

చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు ఆ కరపత్రం నా చేతిలో పెట్టారు. లామినేషన్ చేయించి దాచుకున్నది. “వాళ్ళు జెండా పట్టుకొస్తారు. నా పెట్టె మీద పడనీయకు బిడ్డా. నా కూతురు మెతక మనిషి, కాదనలేదు,” అన్నారు.

అన్నట్టే గురువారం ఫ్యూనరల్ హోమ్‌కి ఆ పార్టీ డబ్లిన్ శాఖ అధ్యక్షుడు దిగాడు. జెండా మడత విప్పుతూ, “మా లాంతరులో వెలుగు ఈయనే,” అని మొదలుపెట్టాడు. కూతురు తల వంచుకుంది. నేను లేస్తుంటే మా ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. “నడుమ నీకెందుకే? సప్పుడు చెయ్యక కూసో.”

కూర్చోలేదు. కరపత్రం తీసి ఏడో వాక్యం గట్టిగా చదివాను. “‘సంతలో కూర్చునే ఏ తల్లి దగ్గరా టోల్ తీసుకోం.’ ఇది రాసింది ఈయన. గుర్తు చేసినందుకు మీరు తీసేసిందీ ఈయన్నే. ఇప్పుడు ఏ మొహంతో కప్పుతారు?”

వెనక వరసలో ఆయన దేశపు పెద్దావిడ ఒకరు లేచి నిలబడ్డారు. ఆ పక్కన ఇంకొకరు. ఆడవాళ్ళంతా నిలబడి అధ్యక్షుణ్ణి చూశారు. అప్పుడు కూతురు తలెత్తింది. “దయచేసి అది తీసేయండి,” అంది.

అతను జెండా మడుస్తుంటే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పాపమనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు.

జెండా పరచాలనుకున్నచోట కూతురు కరపత్రాన్ని పెట్టింది. బయట వాన. కారు తాళం వెతుక్కుంటున్న అధ్యక్షుడి చంకలో జెండా తడిసి ముద్దయింది. పెట్టె అతని ముందునుంచే వెళ్ళింది. లామినేషన్ మీద నీళ్ళు జారిపోతున్నాయి, ఏడో వాక్యం చక్కగా చదవడానికొస్తోంది.