జమీందారు కారు కాదది

మా పెద్దమ్మ పోయి వారమైంది. పెద్ద వయసు, నిద్రలోనే వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు అంటున్నారంతా. నేననను. కడుపులో మంట పెట్టుకుని పోయిన మనిషిని అలా ఎలా అంటాం?

ఆ మంటేమిటో మీకు చెప్పాలి. విశాఖ ఒడ్డున మా పేటకి ఆనుకుని ఈమధ్య పార్కు కట్టారు. పునాదులు తవ్వుతుంటే ఇసుకలోంచి తుప్పుపట్టిన పాతకాలం కారు బయటపడింది. చట్రం, ఇంజను, వెనక చక్రాల డ్రమ్ములు, అంతే మిగిలింది. చుట్టూ మూగినవాళ్లు తలోమాటా అంటుంటే, పెద్దమ్మ చేపల గంప దించి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది మా ఆయన కారు. ఇయిగో, తాడు కోసిన గాట్లు. తాడు కొస పట్టుకున్నది నానే కదేటి?"

పెదనాన్న ఆ కారుని తుక్కులో కొన్నది షికార్లకి కాదు. వెనకభాగం దిమ్మల మీదకెత్తి, ఒక చక్రం ఊడదీసి, పడవకి కట్టిన మోకుని డ్రమ్ముకి చుట్టి ఇంజను స్టార్టు చేసేవాడు. డ్రమ్ము తిరుగుతుంటే అలల్లోంచి పడవ ఒడ్డెక్కి వచ్చేసేది. మోకు జారకుండా రెండో కొస బిగబట్టడం పెద్దమ్మ పని. పడవకి పూసినట్టే కారుకీ సొరచేప నూనె పట్టించేవాడట, ఉప్పుగాలి తినెయ్యకుండా. ఈగలు ముసిరేవి. "ఏటే, మీ ఆయన కారుకి తలంటేడా?" అని పేట ఆడవాళ్లు ఏడిపించేవారని చెప్పి తనే పడీపడీ నవ్వేది.

పెద్ద తుఫానొచ్చినప్పుడు పేటలో పడవలన్నిటినీ ఆ కారే పైకి లాగింది. పడవలు దక్కాయి, కారు ఇసుకలో కూరుకుపోయింది. కొన్నాళ్లకి పెదనాన్నా పోయాడు. ఈ పేట కూడు తింటోందంటే దాని చలవేనని పెద్దమ్మ ఎప్పుడూ అనేది.

పార్కువాళ్లు దానికి ఎర్రరంగు వేసి, చుట్టూ గొలుసు కట్టి, 'జమీందారు గారి విహార వాహనం' అని బోర్డు పెట్టారు. ఏ జమీందారండీ? ఎక్కడి విహారం? పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని కాంట్రాక్టరు దగ్గరికెళ్లింది. ఉన్నమాట రాయండి, అంతే అడిగింది. అతను నవ్వుతూ, "మామ్మగారూ, పడవలు లాగిన బండి అని రాస్తే ఎవరు ఫొటో దిగుతారు?" అన్నాడు. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దమ్మకి ఎవరిమీదైనా కోపమొస్తే ఓ చేప ఎక్కువే వేసేది, తిని సిగ్గుపడతారని. అతనికి మాత్రం వంజరం కాదు కదా, చవక కవళ్లు కూడా వెయ్యనంది.

పోనీ గాట్లైనా చూపిస్తానని గొలుసు దాటి వెళ్లి డ్రమ్ము తడిమింది. నున్నగా తగిలింది. గీతలు చూడ్డానికి బాగాలేవని లప్పం పెట్టి పూడ్చేశారట! పెద్దమ్మ తన అరచేతినీ డ్రమ్మునీ మార్చి మార్చి చూసుకుంది. మోకు ఒరుసుకుని ఆ చేతిలో కాసిన కాయలు అలాగే ఉన్నాయి.

"మీ పెదనాన్నని మళ్లీ పూడ్సీసారురా," అంది. తర్వాత ఎప్పుడూ అటు వెళ్లలేదు.

బోర్డు మార్చమని నేనింకా తిరుగుతూనే ఉన్నాను. ఎన్నాళ్లైనా తిరుగుతాను. నిన్న స్టీల్‌ప్లాంటులో డ్యూటీ దిగి అటు వెళ్లాను. ఉప్పుగాలికి అప్పుడే రంగు పొక్కుతోంది. డ్రమ్ము మీద ఒకచోట లప్పం పెచ్చు ఊడి కింద పడి ఉంది. ఊడినచోట గాటు కనిపించింది, సరిగ్గా మోకు పట్టేంత.