ఇంజను మీద రజాయి

డిసెంబరు, ఆదివారం ఉదయం. నాంపల్లి ఇంటి పెరడు. ఉన్నవారు: మా పెదనాన్న, పెద్దమ్మ, ఆబిడ్స్‌ నుంచి వచ్చిన కాలేజీ మాస్టారు, నేను.

నా తొలి డైరీలో ఆ రోజు గురించి ఇంతే రాసి ఉంది.

నా చిన్నప్పుడు పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆయన కొడుకు, మా అన్న, ఏళ్ల తరబడి శ్రమపడి ఆ పెరట్లో ఒక చిన్న విమానం తయారుచేశాడు. దానికి పాత కారు ఇంజను బిగించాడు. అది ఎగరకముందే, ఆ ఏడాది వానాకాలంలో, టైఫాయిడ్‌ వచ్చి అన్న పోయాడు. మాది కిరాయి ఇల్లు. పెరడు ఖాళీ చేయమని యజమాని పట్టుబట్టాడు. ఇంజను నడిస్తే పిల్లలకు పాఠం చెప్పడానికి విమానాన్ని తీసుకుంటామని కాలేజీవాళ్లు అన్నారు. నడవకపోతే విమానం తుక్కు కిందికే.

ఆ పొద్దున చలికి ఇంజనులో నూనె చిక్కబడిపోయింది. అలాగే తిప్పితే నూనె అందక లోపల అరిగిపోతుందని అన్న చెబుతుండేవాడు. పెదనాన్న పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టారు. కుంపటి రాజేసి, వేడిని రేకు గొట్టం గుండా ఇంజను కిందికి పంపారు. పైన గోనెసంచులు కప్పినా గాలికి వేడి నిలవలేదు. మాస్టారు గడియారం చూసుకుంటూ, ఒకసారి తిప్పి చూడమన్నారు.

“జర ఆగున్రి సార్. పైన ఎచ్చగైతే సాలదు, లోపల నూనె కదలాలె,” అన్నారు పెదనాన్న.

పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లి అన్న కప్పుకునే దూది రజాయి తెచ్చింది. అన్న పోయినప్పటి నుంచి దాన్ని ఉతకలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

“గది వద్దే. వాని వాసన పోతది,” అన్నారు పెదనాన్న.

“పోనీ. వాడు చేసింది తుక్కులకు వోతే, గీ వాసన వట్టుకొని నేనేం జెయ్యాలె?”

తనే కప్పి, అంచులు లోపలికి దోపింది. మధ్యమధ్య నన్ను పిలిచి, జ్వరం చూసినట్టు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడమంది. చాలాసేపటికి పెదనాన్న నూనె కొలిచే కడ్డీ పైకి తీస్తే, నూనె పలచబడి చుక్కలు చుక్కలుగా జారింది. అప్పుడు రజాయి తీసి, కుంపటి గేటు బయట పెట్టి, ట్యాంకు బిగించి, ముందున్న పంకాను చేత్తో తిప్పారు. మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది.

మాస్టారు తలూపారు. మాలో ఎవరూ నవ్వలేదు. ఆ చప్పుడు ఆగేదాకా పెద్దమ్మ కళ్లు మూసుకుని నిలబడింది. మధ్యాహ్నం లారీ వచ్చి విమానాన్ని తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున వెచ్చగా మెలకువ వచ్చింది. చూస్తే నా మీద ఆ రజాయి ఉంది. బొగ్గు పొగ, ఇంజను నూనె తప్ప దానికి మరో వాసన లేదు. కంగారుగా తీసి ఇవ్వబోతే, పక్కన కూర్చున్న పెద్దమ్మ మళ్లీ కప్పింది.

“ఉండనియ్యి బిడ్డా. సలి వెడ్తున్నది,” అంది.

చాలా ఏళ్ల తర్వాత, మా వారు చనిపోయిన ఏడాది, ఆయన ఊలు స్వెటరు మా వాచ్‌మన్‌కి ఇచ్చాను. ఇచ్చే ముందు కాసేపు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. గేటు దగ్గర అతను చలికి వణుకుతూ కనిపిస్తే లేచాను.